కట్టప్ప సంగతి నా ముందర తియ్యొద్దు

బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో నాకు 10 సంవత్సరాల 3 నెలల 21 రోజులు తెలియదు. 2015 జులై 10న మొదటి భాగం చూసి బయటపడ్డ దగ్గర్నుంచి లెక్క. నేను హైస్కూల్లో లెక్కల సారును, తేదీల కాడ తప్పు పోను. లోకానికంతటికీ 2017 ఏప్రిల్ 28న రెండో భాగంతో తెలిసిపోయింది. నేను మాత్రం తెలియకుండా కాపాడుకున్నాను. సినిమా చూడకముందే ఎవడో ఒకడు కథంతా చెప్పేస్తున్నాడని మొత్తుకునేవాళ్లు ఈ మధ్య మా స్టాఫ్ రూంలో ఎక్కువైనారు. వాళ్లకు సలహా ఇచ్చే అర్హత ఉమ్మడి నల్లగొండలో గానీ, ఉమ్మడి పాలమూరులో గానీ నాకు కాక ఇంకెవరికుంది?

నేను పుట్టింది నకిరేకల్ దగ్గర. ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో. అత్తగారిది జడ్చర్ల. అంటే రెండు జిల్లాల నోళ్లూ నా చెవుల మీదనే పడతాయి. 2016లో ఈ రెండు జిల్లాలను కోసి ఏడు చేశారు, 2019లో నారాయణపేటతో ఎనిమిదయ్యాయి. జిల్లాలు ముక్కలైనాయి గానీ చుట్టాలు కాలేదు.

ముందు ఫోను సంగతి. ఆపేసి పెట్టమని అందరూ చెప్తారు. అది తప్పు. ఫోను కలవకపోతే మనిషికేమైందోనని ఇంటికొస్తారు, వచ్చినవాడు ఊరికే కూర్చోడు. వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రావాలి. 2022 మార్చి 24న, ‘ఆర్ఆర్ఆర్’ విడుదలకు ముందురోజు, నేను పదకొండు గ్రూపుల్లోంచి ఒక్క బైఠకులో బయటికొచ్చాను. టెన్త్ బ్యాచ్, స్టాఫ్, చిట్టీ, అత్తగారి తరఫు, చివరికి మా ఇంటోళ్లది కూడా. రాత్రి తొమ్మిదింటికి మా పెద్దనాయన రెండు బస్సులు మారి సంచి చంకన పెట్టుకుని దిగాడు. "ఏమైంది బిడ్డా, గెట్టు కాడ ఏమన్న లొల్లి అయిందా? తమ్ముడు ఏమన్న అన్నడా?" అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి అంత దూరం వస్తే సినిమా కోసమని ఏ నోటితో చెప్పను? అవును, గెట్టు లొల్లే అన్నాను. ఆయన తెల్లారే పోయి కొలతలు పెట్టించాడు. కొలిస్తే నిజంగానే తమ్ముడి దిక్కు రెండు గజాలు ఎక్కువున్నట్టు తేలింది. అప్పట్నుంచి మా అన్నదమ్ములకు మాటల్లేవు. కానీ ఆ వారం సినిమా కథ నా చెవిన ఒక్క ముక్క పడలేదు. పద్ధతి పనిచేసిందనే అంటాను.

సినిమా వచ్చిన వారంలో గడ్డం గీయించుకోవద్దు. ఇది అనుభవం మీద చెప్తున్న మాట. వెంకటేశ్ ‘దృశ్యం’ 2014 జులై 11న, శుక్రవారం వచ్చింది. ఆదివారం పొద్దున కటింగ్ షాపుకు పోయాను. ఆయన నురగ పూశాడు, బ్లేడు విరిచి సగం కత్తికి ఎక్కించాడు, వేలితో గదవ పైకి లేపాడు, కత్తి తెచ్చి సరిగ్గా గొంతు గుటక మీద ఆనించాడు, అప్పుడు షురూ చేశాడు. "సారూ, రాత్రి దృశ్యం జూసొచ్చిన. గా పోరనిది ఏడ దాచిండో ఎర్కనా?" తల అడ్డం ఊపితే తెగుతుంది. వద్దని నోరు తెరిస్తే గుటక కదులుతుంది, అయినా తెగుతుంది. కళ్లు గట్టిగా మూసి తెరిచి వద్దని సైగ చేశాను. నాకు మజా వస్తోందనుకున్నాడు. కత్తి కిందికి దిగుతూనే ఉంది, కథ నడుస్తూనే ఉంది. ఆ దాచింది ఎక్కడంటే... ఆగండి, మీలో చూడనివాళ్లు ఉంటారు. అప్పట్నుంచి సంక్రాంతికీ దసరాకూ నేను గడ్డంతోనే ఉంటాను. నా గడ్డం పొడుగు చూసి పెద్ద సినిమా ఎప్పుడుందో మా పిల్లలు లెక్క కడతారు.

బస్సు ప్రయాణం తప్పనిసరైతే పల్లెవెలుగు ఎక్కండి, అదీ ఇంజను పక్కన. నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ దాకా ఇంజను పక్కన కూర్చున్నవాడికి కండక్టర్ టికెట్ అడిగింది కూడా వినపడదు. సూపర్ లగ్జరీలో మెత్తటి సీట్లు, పల్చటి చప్పుడు, వెనక సీట్లో ఇద్దరు ఇంజనీరింగ్ పోరగాళ్లు. ఇంకేం చెప్పాలి?

టీ కొట్టు అన్నిటికంటే ప్రమాదం. నల్లగొండలో గడియారం స్తంభం ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. రెండు చోట్లా గడియారం టైం తప్పొచ్చు గానీ టీ కొట్టు కాడ సినిమా కథ టైం తప్పదు. నేను రోజూ తాగే కొట్టాయన కథ చెప్పే తీరు వేరు. అల్లం దంచుతూ ఫైట్లు చెప్తాడు. పాలు పొంగుతుంటే ఫస్టాఫ్. గిన్నె దింపి మూత పెట్టి కాసేపు ఊరుకుంటాడు, అది ఇంటర్వెల్. బట్టలో వడపోసి, ఆ బట్టను రెండు చేతులా మెలిపెట్టి పిండేటప్పుడు క్లైమాక్స్. చివరి చుక్క గ్లాసులో పడేదాకా హీరో బతుకుతాడో చస్తాడో తేలదు. పోదామంటే డబ్బులు ముందే ఇచ్చి ఉంటాం, పోకుంటే కథ వినాలి. 2017 ఏప్రిల్‌లో ఆయనకు దండం పెట్టి బస్టాండ్ వెనక ఇంకో కొట్టు చూసుకున్నాను. ఆ కొట్టాయన సినిమాలు చూడడు. ఆయన టీ గ్లాసులు కడిగిన నీళ్లలాగా ఉంటుంది. ఎనిమిదేళ్లు అదే తాగాను. అజ్ఞానం ఉట్టిగ రాదు.

లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ 1952లో మొదలైంది. ఆట అయిపోయాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని జనాన్ని కోరతారు. జనం కూడా సరేనని పోతారట! 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ తీసి, ఆట మొదలైనంక ఎవ్వరినీ లోపలికి రానియ్యొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. మన దగ్గర ఆట మొదలయ్యి అరగంటయ్యాక వచ్చినవాడు పక్కవాణ్ని ‘ఇప్పటిదాంక ఏమైంది’ అని అడుగుతాడు. పక్కవాడు అప్పటిదాకా అయింది చెప్పి, తను రెండోసారి వచ్చినవాడైతే కాబోయేది కూడా చెప్తాడు. దయాగుణం. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ. ఆ నీడ ఎట్లా పడుతోందో మనమే కనుక్కుందామని పోతే మెట్ల కాడనే ఎవరో ఒకరు విప్పి చెప్పేస్తారు. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన సస్పెన్సు చెప్పులు విడిచేలోపల అయిపోతుంది.

మల్టీప్లెక్సులు వచ్చి ఇంకో చిక్కు తెచ్చాయి. 2021 సెప్టెంబర్ 24న విజయ్ దేవరకొండ మల్టీప్లెక్స్ మా మహబూబ్‌నగర్‌లో ‘లవ్ స్టోరీ’తో మొదలైంది. మా ఊరు సంబురపడ్డది, నేనూ పడ్డాను. కానీ పాత థియేటర్ల సుఖమేమిటంటే, ఆట విడవగానే ఉక్కకు తాళలేక జనం పక్క తలుపుల్లోంచి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఏసీ ఉన్నచోట పోరు. అక్కడే నిలబడి ఫొటోలు దిగుతారు, ముఖాలు కనిపిస్తాయి. ముఖం కూడా కథ చెప్తుంది. ఆడవాళ్ల ముక్కులు ఎర్రగా ఉంటే ఎవరో పోయినట్టే. అందుకని ఒకసారి నల్లద్దాలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, మా ఆవిడ భుజం పట్టుకుని లోపలికి నడిచాను. మెట్ల కాడ ఎవరో పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. "బాధపడకు తమ్మీ, నేను రెండోసారి జూస్తున్న, అంత నీకు చెవుల చెప్త" అన్నాడు. చెప్పాడు. మూడు గంటలు. నా కళ్లు బాగున్నాయని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఈ చిట్కా వాడితే అద్దాలు మామూలువి వాడండి.

పాతకాలంలో ఇంత బాధ లేదని మా నాయన పెట్టె తీసినప్పుడు అనిపించింది. థియేటర్ కాడ అమ్మే పాటల పుస్తకాలు ఒక కట్ట దాచిపెట్టాడు. మొదటి పేజీల్లో కథ ఉంటుంది. హీరోయిన్ విలన్ చేతికి చిక్కేదాకా చెప్పి, తక్కింది వెండితెర మీద చూడమని ఆపేస్తారు. ఆ రాసినాయన ఎవరో గానీ ఆయన చేతికి దండం పెట్టాలి. మా అవ్వకు మాత్రం ఆ పుస్తకాలంటే పడదు. "సగం కథ చెప్పి ఆపేటోడు సగం బువ్వ పెట్టి చెయ్యి గుంజుకునేటోని లెక్క" అంటుంది.

మా అవ్వ గురించి హెచ్చరించాలి, ఇటువంటివాళ్లు మీ ఇంట్లోనూ ఉంటారు. చివర ఏమవుతుందో చెప్తే తప్ప సినిమాకు రాదు. "సచ్చిపోతడా, బతుకుతడా జెప్పు. సచ్చిపోయేటట్టయితే తువ్వాల తెచ్చుకుంట." చిన్నప్పుడు బండి కట్టుకుని పోయి ‘లవకుశ’ చూసిందట. "సీతమ్మ భూమిలకు పోతదని తెల్వకనే పోయినమా? పోతదని తెల్సే ఏడుసుకుంట పోయినం." మా అత్తమ్మ ఆమెకు వంత. పాలమూరు మనిషి కదా, పండుగ సాయన్న కథ కిన్నెర మీద ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. దొరల గింజలు దోచి పేదలకు పంచిన సాయన్న చివరికి ఏమవుతాడో ఇక్కడి ముసలివాళ్లందరికీ ఎరుకే. అయినా కిన్నెర వినపడితే గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు ‘భీమ్లా నాయక్’లో ఆయన గొంతు మోగింది. థియేటర్‌లో పోరగాళ్లు ఈలలేస్తుంటే మా అత్తమ్మ, "ఆయన ఇంక జెప్తడనుకున్న, ఊకున్నడేంది?" అని అలిగింది. ఇటువంటి పెద్దమనుషులను సినిమాకు తీసుకుపోవద్దు. అవ్వను నేను ఒకసారి తీసుకుపోయాను, ఆ సంగతి తర్వాత.

ఇక అసలు చిట్కా. ఒట్టు.

2017 ఏప్రిల్ 27 సాయంత్రం మా తరఫు చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామి పటం, ఆవిడ తరఫు మన్యంకొండ వెంకటేశ్వరస్వామి పటం పక్కపక్కన పెట్టి, కర్పూరం వెలిగించి, ఇంటిల్లిపాదితో, పై వాటాలో కిరాయికున్నవాళ్లతో కూడా ఒట్టేయించాను. మాటలు నేనే రాశాను. ‘సినిమా ముందు చూసినా, వెనక చూసినా, ఏ కాలంలోనూ ఈయనకు కథ చెప్పము.’ ఒట్టుకు గడువు పెట్టాలని తోచలేదు. కిరాయి కాగితమైనా 11 నెలలని రాసుకుంటాం. అవ్వ ఒక్కతే వెయ్యలేదు. "సినిమాకు దేవుని మీద ఒట్టేందిరా, నేన్ ఎయ్య" అంది. డాలస్‌లో ఉన్న మా బామ్మర్దికి వీడియో కాల్ చేసి పటాలు చూపించాను. "బావా, ఇంత పరేషాన్ ఎందుకయ్యా" అని నవ్వి పెట్టేశాడు. ఒట్టెయ్యకుండా!

అక్కడే నాకు చెమట పట్టింది. అమెరికాలో మనకంటే ముందు ప్రీమియర్లు పడతాయి. డాలస్‌లో సాయంత్రం ఆరంటే మనకు తెల్లారి నాలుగున్నర. మూడు గంటల సినిమా. అంటే ఏడున్నరకు వాడు బయటికొస్తాడు, కారెక్కుతాడు, ఫోను తీస్తాడు. వాడి మీద నమ్మకం లేక ఇంట్లో నాలుగు ఫోన్లూ తెచ్చి బియ్యం డబ్బాలో లోతుగా దింపి, మూత పెట్టి, తెల్లవార్లూ దాని మీద కూర్చున్నాను. రెండింటికి ఒక ఫోను లోపల గుయ్‌మన్నది. ఒళ్లు జల్లుమంది. తీయలేదు. కరెంటు బిల్లు మెసేజట, తర్వాత తెలిసింది. అట్లాగే డబ్బా మీంచి లేచి, ముఖం కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దుటి ఆటకు పోయాం. కుర్చీలో కూర్చున్నాను. చల్లగాలి తగిలింది. ఇంటర్వెల్లో సమోస తిన్నాను.

ఆ తర్వాత చూస్తే తెర మీద పేర్లు పోతున్నాయి.

"ఎందుకు చంపిండే?" అని మా ఆవిడను అడిగాను. ఆమె చెంపలేసుకుని, "నాకు పిల్లలున్నరు" అంది.

బయట అడిగితే ఎవడైనా చెప్పేవాడే. కానీ బియ్యం డబ్బా మీద రాత్రంతా కాపలా కాసింది అడిగి తెలుసుకోవడానికా? మళ్లీ టికెట్ తీసుకుందామంటే వారం దాకా దొరకలేదు. రెండో వారం దొరికింది గానీ, రెండో వారం వచ్చేది రెండోసారి వచ్చేవాళ్లే. తెర మీద మనిషి నోరు తెరవకముందే ముందు వరుసలో డైలాగు పూర్తయిపోతుంది. పది నిమిషాలకు చెవులు మూసుకుని బయటికొచ్చాను. పండుగ పండుగకూ టీవీలో వేశారు. వేసిన ప్రతిసారీ పిల్లలమర్రి దాకా నడక పెట్టుకున్నాను. ఏడొందల ఏళ్ల చెట్టు అంటారు, దాని ఊడలన్నీ నాకు మొకం తెలుసు.

జూన్‌లో బడి తెరిచారు. ఇది ఉపాధ్యాయులకు ప్రత్యేకం: మీకు తెలియదన్న సంగతి పిల్లలకు తెలియనియ్యొద్దు. తొమ్మిదో తరగతిలో హోంవర్క్ చెయ్యనివాణ్ని లేపాను. వాడు లేచి చేతులు కట్టుకుని, "సార్, కట్టప్ప ఏంజేసిండంటే..." అన్నాడు. కూర్చోమన్నాను. మర్నాడు క్లాసు క్లాసంతా హోంవర్క్ చెయ్యలేదు. ఆ ఏడు బహుపదులు దాటి పోలేదు మేము. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేటప్పుడు కూడా భయమే, జవాబు కింద ఏం రాసి ఉంటుందోనని చేయి అడ్డం పెట్టుకుని దిద్దేవాణ్ని.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ అని 3 గంటల 45 నిమిషాలకు కత్తిరించి మళ్లీ వదిలారు. రెండు రాత్రులు ముందే కడుపునిండా నిద్రపోయాను. మా ఆవిడ రానంది, పొరపాటున నోరు జారితే దేవుడితో పెట్టుకోవాలని. తోడుకు అవ్వ వచ్చింది, తువ్వాల తెచ్చుకుంది.

అనుకున్నట్టే అయింది. ముందు రెండు వరుసలు పోరగాళ్లు, ప్రతి డైలాగూ తెర కంటే ముందు వాళ్ల నోట్లోనే. కత్తి పైకి లేచే టైం దగ్గరికొస్తోంది, నాకు గుండె దడ. అవ్వ లేచి నిలబడింది. తువ్వాలతో ముందు కుర్చీని ఫట్మని కొట్టింది.

"నోర్ముయ్యున్రి బాడకావ్! మా పోరనికి ఇంక తెల్వది!"

హాలంతా వెనక్కి తిరిగి పోరడెవరా అని చూశారు. నెరిసిన గడ్డంతో నేనున్నాను. తెర వెలుతురులో ఒకడు గుర్తుపట్టాడు. "అరె, లెక్కల సార్‌రా!" అన్నాడు. బహుపదుల బ్యాచ్. "నిజంగనే ఇప్పటిదాంక తెల్వదా సార్?" అని ఇంకొకడు అడిగాడు, పాపం మెల్లగానే. తెలియదని తల ఊపాను. వాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత హాల్లో చప్పుడు లేదు. ఈల లేదు, పాప్‌కార్న్ నమిలింది లేదు. వెనక ఎవరిదో పసిపిల్ల ఏడవబోతే బయటికి ఎత్తుకుపోయారు. తెర మీద కట్టప్ప నడుస్తున్నాడు, ముందు వరుసల్లో సగం మంది తెరను కాక నన్ను చూస్తున్నారు.

తెలిసింది.

అవ్వ తువ్వాల నాకిచ్చింది.

ఆట విడిచాక అవ్వను ఆటో ఎక్కించి, నడుచుకుంటూ గడియారం స్తంభం దిక్కు పోయాను. ఎనిమిదేళ్ల తర్వాత నా పాత టీ కొట్టు. ఆయన జుట్టు నెరిసింది, గిన్నె అదే. బల్ల మీద ఇద్దరు కూలీలు, ఒక ఆటో తమ్ముడు. కడుపులో మాట ఆగడం లేదు. గ్లాసు చేతికి రాకముందే మొదలుపెట్టాను.

"కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండో ఎర్కనా అన్నా?"

ఆయన బట్ట మెలిపెట్టి చివరి చుక్క పిండాడు. ఆటో తమ్ముడు ఫోను చూసుకుంటున్నాడు.

"సారూ, చక్కెర ఎయ్యాల్నా, వద్దా?" అన్నాడు.